మాత్ర ఒకటే... ఫలితం వేరు

హోసూరు: క్షయ మందులు ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే. మామూలు క్షయకు ఆరు నెలల కోర్సు. ఫలితం మాత్రం ఒకేలా ఉండదు. 2019-21 జాతీయ సర్వేలో జబ్బు మగవారిలోనే ఎక్కువగా తేలింది. తాగుడు వల్ల మందు మధ్యలో మానేసేదీ ఎక్కువగా వాళ్లే. ఆడవాళ్ల తంటా మరొకటి. పెళ్లి చెడుతుందనో, అత్తింట్లో తెలుస్తుందనో దగ్గును దాచేస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. క్షయకిచ్చే రిఫాంపిసిన్ వాటి పనిని దెబ్బతీస్తుంది. ఈ మాట ఎందరికి తెలుసు?

ఈ జబ్బుకు తిండీ మందే. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, పౌష్టికాహారం అందుకుని తొలి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగులకు చావు ముప్పు సగానికి పైగా తగ్గింది. కేంద్రం నెలకు రూ.500 ఇచ్చే పోషకాహార సాయం 2024 నవంబరు నుంచి రూ.1000 అయింది. ఇంట్లో అందరి తర్వాత తినే ఇల్లాలి కంచంలోకి అందులో ఎంత చేరుతుందో బ్యాంకు ఖాతా చెప్పదు!

తమిళనాడు 2022లో తెచ్చిన పద్ధతి నయం. జబ్బు బయటపడగానే ఎత్తుకు తగ్గ బరువుందా, కాళ్లు వాచాయా, ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలరా అని చూస్తారు. పరిస్థితి బాగోలేదనిపిస్తే ఆస్పత్రిలో చేరుస్తారు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువారికీ ఈ పరీక్ష ఉంది. భాష రాదని ఊరుకోకుండా అడిగి చేయించుకోవచ్చు.