కోతకు ముందు చికిత్స

గత మాసమున మా సంఘ సభ్యులలో నొకరు మమ్ము కలిసికొని యిట్లడిగిరి: “మా బావగారికి అన్నము మ్రింగుడు పడుట లేదండీ. అన్నవాహికలో రాచపుండని తేల్చిరి. కోసి తీయవలెనన్నవారే, ముందు ఐదు వారములు మందులు, కిరణములు అనుచున్నారు. అంతలో జబ్బు పెరుగదా?”

ప్రశ్న న్యాయమైనదే. మేమును తొలుత నట్లే తలంచితిమి. కాని యిది కాలహరణము కాదని యిప్పుడు మా దృఢాభిప్రాయము.

హాలెండు దేశమున 2004 మొదలు 2008 వరకు 366 మంది రోగులను రెండు తెగలుగా చేసి పరీక్షించిరి. ఒక తెగకు తిన్నగా శస్త్రచికిత్స. రెండవ తెగకు వారమున కొకమారు మందు, 23 దినములు కిరణములు, కొన్ని వారములు విరామము, పిమ్మట శస్త్రచికిత్స. మొదటి తెగలో సగము మంది 24 నెలలకే గతించిరి. రెండవ తెగలో సగము మంది నాలుగేండ్లకు పైగా జీవించిరి. పదియేండ్లకు మిగిలినవారు నూటికి 25 గురు ఒకవైపు, 38 మంది మరియొకవైపు.

కారణము రైతునకు తెలియనిది కాదు. తుంగను కొడవలితో కోసినచో గడ్డలు నేలలో నిలిచి మరల మొలచును. ముందు చికిత్స పొందినవారిలో నూటికి 92 గురికి కోతయంచున జబ్బు మిగులలేదు. పొందనివారిలో 69 మందికే. నీరసించి కత్తిక్రింద చత్తురను భయమును నిలువలేదు. ఆసుపత్రి మరణములు రెండు తెగలలోను నూటికి నలుగురే.

మన దేశమున హెచ్చుగా కనబడునది పొగాకు, సారాయముల వలన హెచ్చు పొలుసుకణపు రకము. ఇది యీ చికిత్సకు మరింత లొంగినది: సుమారు సగము మందిలో, కోసి తీసిన భాగమున జబ్బు కణమే కానరాలేదు. గ్రంథికణపు రకమునకు మాత్రము, కోతకు ముందును వెనుకను మందులిచ్చుటయే మేలని 2025లో ప్రచురితమైన జర్మనీ పరీక్ష తేల్చినది. జబ్బు మరీ చిన్నదైనచో ముందు చికిత్సయే అక్కర లేకపోవచ్చును. ఏది ఎవరికో వైద్యులే నిర్ణయింపవలెను. రకమేదని అడుగుట మన పని.

మా దిగులు వేరు. 23 దినములు పట్టణమున నుండుట కోతలకాలపు రైతునకు సులభమా? బస్సు ఖర్చు, బస, మెత్తని ఆహారము, తోడొకరు. మధ్యలో మానుకొని వచ్చుట కివియే హేతువులు. చుట్ట మానుమని చెప్పుట మాకు తేలికయే. యీ ఖర్చున కెవరు నిలుతురు? అట్టి సభ్యుని పంట అప్పు వాయిదాను ఒక కారు పొడిగించి, బసకు చేబదులీయవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున మేము ప్రతిపాదింపనున్నాము. సభ్యులు తప్పక రావలెను.