చిట్ఠీలు ఏరి పంచేవాడు డాకియా ఎలా అవుతాడు?

మొన్న ఆదివారం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, ఖాలా ఇంటికి వెళ్లాను. చాయ్ తాగుతుంటే ఖాలా తన ఫోన్ నా చేతికిచ్చింది. "బేటా, నేను వంటల వీడియోలే చూస్తాను. మధ్యలో ఈ గొడవలు, గాలీలు ఎందుకొస్తున్నాయిరా?" అంది. ఖాలా వాటిని వెతకలేదు. ఒకదాన్ని చివరిదాకా చూసింది, అంతే.

ఆమె సవాల్ వింటే నాకు 2018 యాదికొచ్చింది. ఆ ఎండాకాలం, పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో అఫ్వా పాకింది. నిజామాబాద్ జిల్లా భీంగల్ వైపు, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బేకసూర్ మనుషుల్ని గుంపులు కొట్టి చంపాయి. జూలైలో మన పక్కనున్న బీదర్ జిల్లా ముర్కిలో మలక్‌పేట యువ ఇంజనీర్ జాన్ తీశారు. దోస్తులతో వెళ్తూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే వాళ్లు చేసిన కసూర్. వాళ్ల కారు కంటే ముందే వీడియో ముర్కికి చేరింది.

ఆ నెలలోనే వాట్సాప్, ఇండియాలో ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. అంటే, అనుకుంటే చేయగలరు. జనాజాలు లేచాకే ఎందుకన్నది నా షికాయత్.

"కంపెనీ ఉత్త డాకియా, చిట్ఠీలో ఏముందో దానికేం తెలుసు?" అంటారు కొందరు. వాట్సాప్ వరకు అందులో కొంత నిజముంది, అక్కడ పంపేది మనుషులే. ఫేస్‌బుక్, యూట్యూబ్ సంగతి వేరు. ఎవరికి ఏది చూపాలో అక్కడ అల్గారిథమ్ తేలుస్తుంది. కోపం గుర్తుతో సహా ఎమోజీలకు ఫేస్‌బుక్ 2017 నుంచి కొంతకాలం లైక్ కంటే ఐదు రెట్ల విలువిచ్చిందని 2021లో బయటపడ్డ ఆ కంపెనీ కాగితాలే చెప్పాయి. నఫ్రత్‌కి అంత ధర కట్టి పంచేవాడు డాకియా కాదు.

ఇతరుల పోస్టులకు కంపెనీని జిమ్మేదార్ చేయకుండా ఐటీ చట్టంలోని సెక్షన్ 79 కాపాడుతుంది. ఆ హిఫాజత్ ఉండాల్సిందే. అది పోతే, భయపడిన కంపెనీలు ముందు తీసేసేది హుకూమత్‌ని నిలదీసే మాటల్నే. జర్నలిస్టుగా ఆ భయం నాకుంది. కానీ అందుకునేవాణ్ణి తానే ఎంచకూడదన్న షరతు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఖాలాని ఎంచింది ఎవరు మరి? తానే ఎంచి ముందుకు తోసినదానికి కంపెనీ జవాబు చెప్పాలి. ఇన్సాఫ్ అంటే అదే.

ఇందులో మన జిమ్మేదారీ మాఫ్ కాదు. ఖబర్ వస్తే తహఖీఖ్ చేసుకోమని సూరా హుజురాత్ మనకు ఎప్పుడో చెప్పింది. అలాంటి వీడియో వస్తే 'ఆసక్తి లేదు' అని ఎలా నొక్కాలో ఖాలాకి నేర్పి లేచాను. అరవై దాటిన ఖాలా తన వంతు చేస్తోంది. కంపెనీల వంతు ఎవరు చేయిస్తారు?