సెల్లారు గదిలో పొరుగుదేశం

నేపాల్‌లో ప్రభుత్వం కూలిన ప్రతిసారీ మన పెద్దమనుషుల నోట రెండు మాటలు తప్పకుండా వెలువడతాయి. ఒకటి, "రాజు ఉన్నన్నాళ్ళూ బాగుండేది". రెండు, "వాళ్ళకింకా ప్రజాస్వామ్యం వంటబట్టలేదు". 2025 సెప్టెంబరులో మా మేడిపల్లిలో వారం పాటు ఈ రెండు మాటలే విన్నాను. పాలప్యాకెట్ల దుకాణం దగ్గర అవే, ఉప్పల్ వెళ్ళే బస్సులోనూ అవే. ఈ టపా ఆ రెండు మాటలకు జవాబు. కాస్త నిష్ఠూరంగానే ఉంటుంది.

ముందు జరిగినదాన్ని సరిగ్గా గుర్తు చేసుకుందాం. 2025 సెప్టెంబరు 4న ఓలీ ప్రభుత్వం 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేయమని ఆదేశించింది. 8వ తేదీన ఖాట్మండులో కుర్రకారు వీధుల్లోకి వచ్చింది. ఆ ఒక్కరోజే కాల్పుల్లో 19 మంది చనిపోయారు. మర్నాడు ఓలీ రాజీనామా చేశాడు. పార్లమెంటు భవనం, సుప్రీంకోర్టు, సచివాలయమైన సింహదర్బారు తగలబడ్డాయి. మొత్తం మృతులు 70 మందిని దాటారు. 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేసి, 2026 మార్చి 5న ఎన్నికలని ప్రకటించారు.

"ఫేస్‌బుక్కు పోయిందని పార్లమెంటు తగలబెట్టుకున్నారట" అని మావాళ్ళు నవ్వుకున్నారు. నిలిపివేసిన జాబితాలో వాట్సాప్ కూడా ఉందన్న సంగతి వారికి పట్టలేదు. మా అపార్టుమెంటు కాపలాదారుది నేపాల్ పడమటి కొండల్లోని అఛామ్ జిల్లా. భార్యాపిల్లలు అక్కడ, తాను ఇక్కడ. ఇంటికీ అతనికీ మధ్య ఉన్న దారి వాట్సాప్ ఒక్కటే. మనకు అది కాలక్షేపం, అతనికి ఇంటి గుమ్మం. ఆ గుమ్మాన్ని ఒక మంత్రివర్గం ఒక్క ఆదేశంతో మూసేసింది. (అతన్ని మావాళ్ళు బహదూర్ అంటారు. అతని పేరు అది కాదు. అంతకుముందు పనిచేసిన మనిషి పేరు కూడా బహదూర్ కాదు. మనుషులు మారినా మేము పెట్టిన పేరు మాత్రం మారదు.)

ఇక "రాజు ఉంటే బాగుండేది" అన్న మాట. ఏ రాజు? 1846 నుంచి 1951 దాకా రాజును బొమ్మగా కూర్చోబెట్టి ఏలినది రాణా ప్రధానుల వంశం. మొన్న తగలబడిన సింహదర్బారును 1908లో చంద్ర శంశేర్ రాణా తన సొంత నివాసంగా కట్టించుకున్నాడు. ఒక దేశపు సచివాలయం ఒకప్పుడు ఒక ప్రధాని ఇల్లన్నమాట! అలాంటి మహళ్ళు లేచిన కాలంలో దేశంలో నూటికి అయిదుగురికి మించి చదువు రాదు. రాణాలు పోయాక ఎన్నికలు జరిగి బీపీ కోయిరాలా ప్రధాని అయితే, 1960 డిసెంబరులో మహేంద్ర రాజు ఆయన్ను జైల్లో పెట్టించి పార్టీలను నిషేధించాడు. మళ్ళీ పార్టీలు నోరు విప్పింది 1990లో. 2005 ఫిబ్రవరి 1న జ్ఞానేంద్ర అధికారమంతా చేతికి తీసుకున్నాడు, ఏడాది తిరిగేసరికి జనం దాన్ని వెనక్కు లాక్కున్నారు. బాగున్న రోజులు ఇందులో ఎక్కడున్నాయో రాచరికాభిమానులు చూపిస్తే చూడాలని ఉంది.

రెండో మాట మరింత ప్రమాదకరం. ప్రజాస్వామ్యం వంటబట్టనిది ఎవరికి? 2008 మే 28న రాజ్యాంగసభ 560–4 ఓట్ల తేడాతో రాచరికాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత 17 ఏళ్ళలో డజనుకు పైగా ప్రభుత్వాలు మారాయి. 2010లో ప్రధాని పదవి ఖాళీ అయితే, మరొకరిని ఎన్నుకోవడానికి ఏడు నెలల్లో 17 సార్లు ఓటింగు జరపవలసి వచ్చింది. రాజ్యాంగం రాయడానికి ఎన్నికైన సభ గడువు పొడిగించుకుంటూ పోయి, రాజ్యాంగం రాయకుండానే 2012లో రద్దయిపోయింది. రెండో సభ 2015 సెప్టెంబరు 20న ఆ పని పూర్తి చేసింది. ఆ తర్వాత ప్రధానుల వరుస చూడండి: ఓలీ, ప్రచండ, దేవుబా, ఓలీ, దేవుబా, ప్రచండ, మళ్ళీ ఓలీ. దీన్ని అస్థిరత అనడానికి నాకు మనసొప్పదు. మేడిపల్లి నుంచి ఉప్పల్‌కు తిరిగే షేరు ఆటోలకు కూడా ఇంత కచ్చితమైన వంతులు ఉండవు. పదేళ్ళలో ముగ్గురు మనుషులు, ఏడు వంతులు! వీరిలో దేవుబా తొలిసారి ప్రధాని అయినది 1995లో. మొన్న సెప్టెంబరులో వీధిలో చనిపోయిన కుర్రవాళ్ళలో ఎక్కువమంది అప్పటికి పుట్టి ఉండరు.

ప్రచండ ప్రస్తావన వచ్చింది గనుక ఒక్క మాట. ఆ రోజుల్లో పత్రికల్లో "పశుపతి నుంచి తిరుపతి దాకా" అన్న మాట తెగ నలిగింది. నేపాల్ మావోయిస్టులూ మన అడవుల్లోని వారూ కలిసి ఎర్రబాట వేస్తున్నారని అందరూ రాసేవారు. 1996 నుంచి 2006 దాకా సాగిన ఆ అంతర్యుద్ధంలో దాదాపు 17 వేల మంది పోయారు. 2008 ఎన్నికల్లో ప్రచండ గెలిస్తే మన ఎడమవైపు మిత్రులు పండగ చేసుకున్నారు, కుడివైపు మిత్రులు గుండెలు బాదుకున్నారు. ఎర్రబాట ఏమయింది? అది నేరుగా పోయి పైన చెప్పిన ఆటో వంతుల్లో కలిసింది. ఆ 17 వేల మందిలో కొండపల్లెల వారెందరో, మంత్రుల పిల్లలెందరో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

ఇన్నిసార్లు విఫలమైన నాయకత్వం ఎలా నిలబడగలిగింది? నిరుద్యోగి ఊళ్ళో ఉంటే ప్రశ్నిస్తాడు. విమానమెక్కితే ఇంటికి డబ్బు పంపుతాడు. నేపాల్ పాలకులు కనిపెట్టిన రాజనీతి ఇంతే. విదేశాల్లోని బిడ్డలు పంపే సొమ్ము ఆ దేశపు స్థూలోత్పత్తిలో దాదాపు నాలుగో వంతు. ఖజానా నిండుతున్నప్పుడు కర్మాగారం ఎందుకు, అఛామ్‌లో ఆసుపత్రి ఎందుకు? అలవాటు కొత్తది కాదు. ఒకప్పుడు లాహోరు వెళ్ళి రంజిత్ సింగ్ సైన్యంలో చేరినవారిని "లాహురే" అన్నారు. రెండు శతాబ్దాలు గడిచినా పరాయి కొలువుకు పోయేవాడికి ఆ పేరు మిగిలే ఉంది. 2023లో బయటపడిన వ్యవహారం ఇంకా విడ్డూరం. నేపాలీ పౌరులనే భూటాన్ శరణార్థులుగా చూపించి అమెరికా పంపుతామని లక్షలు వసూలు చేశారన్న అభియోగంపై మాజీ ఉపప్రధాని టోప్ బహదూర్ రాయమాఝీ, మాజీ హోంమంత్రి బాలకృష్ణ ఖాండ్ అరెస్టయ్యారు. నేరం తేల్చవలసింది న్యాయస్థానమే. కానీ సొంత దేశపు పౌరసత్వం వదులుకుని మరో దేశపు శరణార్థి కావడానికి జనం డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారే, ఆ సంగతికి ఏ న్యాయస్థానమూ అక్కరలేదు.

పంపినవాళ్ళకు ఓటైనా ఇచ్చారా? విదేశాల్లోని నేపాలీలకు ఓటు వేసే ఏర్పాటు చేయమని 2018లోనే అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 ఎన్నికలు ఆ ఏర్పాటు లేకుండానే ముగిశాయి. గల్ఫుకు పోయేవాడికి కనీసం శ్రమ అనుమతి పత్రం ఉంటుంది, ఒక లెక్కలో ఉంటాడు. భారతదేశానికి వచ్చేవాడికి అదీ లేదు. 1950 ఒప్పందం ప్రకారం సరిహద్దు తెరిచే ఉంది గనుక బన్‌బసా దగ్గర వంతెన దాటి వస్తాడు, ఎవరి పుస్తకంలోనూ ఎక్కడు.

మనవైపు చూద్దాం. తెలుగువారికి నేపాల్ అంటే పుణ్యక్షేత్రం. ముక్తినాథ్ నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి, మన పూజగదుల్లోని సాలగ్రామం గండకీ నదిలోది. 2025 సెప్టెంబరులో మన యాత్రికులు అక్కడ చిక్కుబడితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో ఖాట్మండు నుంచి విశాఖకూ తిరుపతికీ చేర్చింది. తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీలో సహాయ కేంద్రం తెరిచింది. చేయవలసిన పనే, చక్కగా చేశారు. ఇప్పుడు 2020 మార్చిని గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌తో మన దేశంలో పనులు పోయిన నేపాలీలు నడిచి ధార్చులా చేరితే సొంత ప్రభుత్వమే సరిహద్దు మూసేసింది. వందలమంది మహాకాళి ఒడ్డున నిలబడిపోయారు. కొందరు ప్రాణాలకు తెగించి ఆ నదిని ఈది ఆవలి ఒడ్డు చేరితే వారి పోలీసులే పట్టుకున్నారు. ప్రభుత్వానికి పౌరుడంటే ఎవరో తెలుసుకోవడానికి ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

"వాళ్ళకు చేతకాదు" అనేవారు ఒకసారి మా వరంగల్ రహదారి మీదికి రావాలి. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి పైవంతెన ఆరు కిలోమీటర్ల పొడవునా ఏళ్ళ తరబడి మొండి స్తంభాలుగా నిలబడి ఉంటే, కింది గుంతల్లో పడి లేస్తూ మేము ఆఫీసులకు పోయాం. మనకు ప్రజాస్వామ్యం వంటబట్టలేదని ఖాట్మండులో ఎవరూ అనలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల వారికైతే ఇదంతా విడమరచి చెప్పనక్కరలేదు. గల్ఫు నుంచి వచ్చే శవపేటిక ఖాట్మండులో దిగినా శంషాబాదులో దిగినా బరువు ఒకటే.

ఆ పాలకుల నిర్లక్ష్యంలో మనకు లాభం ఉంది, అందుకే మనం దాన్ని వింతగా చూస్తాం తప్ప కోపంగా చూడం. అఛామ్‌లో పని దొరికితే మేడిపల్లిలో మెట్ల కింది గదికి, రాత్రీ పగలూ గేటు కాయడానికి, ఆ జీతానికి మనిషి దొరకడు. పైగా ఏ ఇంట్లో దొంగతనం జరిగినా "నేపాలీ గ్యాంగ్" అనే శీర్షిక సిద్ధంగా ఉంటుంది. దొంగతనాలు జరగలేదని నేననను. తెలుగువాడు దొంగతనం చేస్తే "తెలుగు గ్యాంగ్" అని మన పత్రికలు రాయవు, అంతే తేడా.

ఖాట్మండు అల్లర్ల తర్వాత మా అపార్టుమెంటు సంఘం కాపలాదారు వివరాలు పోలీసులకిచ్చి మరో రెండు కెమెరాలు పెట్టాలని సమావేశమైంది. ఆ కాగితంలో అతని అసలు పేరు రాయడానికి ఎవరికీ తెలియక కిందికి పోయి అడిగి వచ్చారు. నేను మూడు కోరాను: సెల్లారు గదికి కిటికీ, నెలకు నాలుగు సెలవులు, జీతం బ్యాంకులో. కిటికీ పెడితే పార్కింగు పోతుందన్నారు. సెలవుల విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. బ్యాంకు మాటకు మాత్రం, రశీదుల గొడవ తప్పుతుందని, కోశాధికారి ఒప్పుకున్నారు.