గ్రేడు యంత్రం కడితే కారణం రైతుకు చెప్పాలి
మార్కెట్ యార్డులో మా నాన్న మిర్చి బస్తా విప్పితే, ఖరీదుదారు ఓ కాయ విరిచి, రంగు చూసి ధర చెప్పేస్తాడు. తేమ ఉందంటే క్వింటాకు వందలు తెగుతాయి. తాలు కాయ అన్నాడా, ఇక బేరమే లేదు. ఆటో కిరాయి పెట్టుకొని వచ్చినవాడు సరుకు వెనక్కి ఎలా తీసుకెళ్తాడు?

2022లో ఖమ్మంలో మొదలైన ‘సాగు బాగు’ ప్రాజెక్టు సుమారు 7,000 మంది మిర్చి రైతులకు ఫోన్‌లో తెలుగు సలహాలు, కృత్రిమ మేధతో నాణ్యత పరీక్ష అందించింది. నాకు ఇందులో ఆశ కనిపిస్తోంది. రేపు ప్రతి యార్డుకూ ఇలా నాణ్యత పరీక్షించే యంత్రాలు రావాలి. అయితే ‘రెండో రకం’ అని తేలిస్తే తేమ ఎంత, తాలు ఎంత అన్నది తెలుగులో చీటీ ఇవ్వాలి. రైతు ఒప్పుకోకపోతే, కాంటా వేయకముందే అతని కళ్లెదుట మళ్లీ పరీక్షించాలి. ఆ ఖర్చు మార్కెట్ కమిటీయే భరించాలి.