నాలుగు గోడలకు ఒక నడికట్టు



సొలొమోను మందిరమనగానే మనకు బంగారము, దేవదారు చెక్కడపు పని గుర్తుకు వస్తాయి. అయితే 1 రాజులు 6:36 చూడండి. లోపలి ఆవరణమును కట్టినప్పుడు మూడు వరుసల రాయికి ఒక వరుస దేవదారు దూలము వేశారని అక్కడ ఉన్నది. రాతి కట్టడములో కర్ర ఎందుకు? భూమి కదిలినా గోడ విడిపోకుండుటకేనని కొందరు పండితుల అభిప్రాయము.

కాశ్మీరులో పాతకాలపు ఇళ్ల గోడలలో ఇలాగే అడ్డకర్రలు వేసేవారు. 2005 భూకంపములో అటువంటి ఇళ్లు అనేకము, కర్రలేని రాతి ఇళ్లకన్నా బాగా నిలిచాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతములో జరిగినది వేరు. అక్కడ మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిమీద బరువైన మట్టి మిద్దెలు. గోడలను కలిపి పట్టుకొనే కట్టు లేదు. నిద్రలో ఉన్న వేలాదిమంది వాటి క్రిందనే చనిపోయారు. మందము ఒక్కటే బలము కాదు.

మనకెందుకులే అనుకోవద్దు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతములలో భూమి కంపించినది.

భూమి ఊగినప్పుడు ఒక గోడ ఒకవైపు, రెండవది మరొకవైపు లాగుతాయి. ముందుగా మూలలు విచ్చుతాయి. బండిచక్రము విడిపోకుండా ఇనుప పట్టా పట్టుకొన్నట్టు, గోడలన్నిటినీ చుట్టివచ్చే కాంక్రీటు బెల్టు వాటిని పట్టి ఉంచుతుంది. మేస్త్రీలు లింటల్ బెల్టు అనేది దీనినే. తలుపులమీద, కిటికీలమీద విడివిడిగా వేసే లింటల్ ముక్కలు ఆ పని చేయవు.

ఇల్లు కట్టుకొనేవారు ఈ సంగతులు గమనించండి. బెల్టు ఎక్కడా తెగకుండా లోపలి గోడలమీదుగా కూడా వెళ్లవలెను. రెండు చువ్వలు వేస్తే కనీసము 75 మిల్లీమీటర్లు, నాలుగు వేస్తే 150 మిల్లీమీటర్ల ఎత్తు ఉండవలెను. మూలవద్ద చువ్వను ఆపివేయక, వంచి ప్రక్క గోడలోనికి పోనివ్వవలెను. శ్లాబు వేసిన ఇంటికి పైన ఆ శ్లాబే కట్టుగా పనిచేస్తుంది. పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే గోడల పైభాగమున మరొక బెల్టు అవసరము.

పూత పూసిన తరువాత బెల్టు కంటికి కనబడదు. కాబట్టి కాంక్రీటు పోయకముందే నాలుగు మూలలకు వెళ్లి, చువ్వలు వంగి ప్రక్క గోడలోనికి వెళ్లాయో లేదో చూడండి. వెళ్లకపోతే పని ఆపి సరిచేయించండి.