చేతికి రానిది నోటికి వచ్చునా?

ఆళ్లగడ్డ శిల్పుల యిండ్లలో బాలునకు ముందుగా ఉలి చేతికిత్తురు. రాతిని ముందర పెట్టుదురు. రాతి గుణము చేతికి తెలిసిన పిమ్మట పేర్లును కొలతలును నోటికి తామే వచ్చును. ఇట్టి విద్య వర్ధిల్లుచున్న సీమలోనే, పసిపిల్లలకు ఇంగ్లీషు నేర్పుటలో మాత్రము ఈ న్యాయమును మఱచుచున్నాము.

నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని ఇంగ్లీషు బడులకు కొదువ లేదు. సర్కారు బడులకు సైతము 2020 తరువాత ఒక పుట తెలుగును, ఎదురు పుట ఇంగ్లీషును గల వాచకములు వచ్చినవి. బాలుడు అక్షరములు గడగడ వల్లించును, తలిదండ్రులు పొంగిపోదురు. పెట్టె క్రింద రాయి పెట్టుమని ఇంగ్లీషున చెప్పి చూడుడు, తెల్లబోవును. ఇది చదువు కాదు, చిలుకపలుకు.

లోపము బాలునిది కాదు. మనము 'పెట్టె క్రింద' అందుము. వారు 'అండర్ ద బాక్స్' అని ముందుది వెనుకగా చెప్పుదురు. మనము వ్రాసినట్లు చదువుదుము. ఇంగ్లీషున 'పుట్', 'బట్' అను మాటల నడిమి అక్షర మొక్కటియే, పలుకు వేఱు. ఈ భేదమును సూత్రముగా చెప్పిన పసివాని తల కెక్కదు. ఒక అట్టపెట్టెయు గుప్పెడు చింతపిక్కలును ఇచ్చి, లోపల, పైన, క్రింద పెట్టించుచు ఆ మాటలు పలికించిన, ఆడుచునే పట్టుకొనును.

ఇది మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. 1939లో మదరాసు అడయారునకు వచ్చిన మేరియా మాంటిసోరీ గరుకు కాగితపు అక్షరములపై వ్రేలు నడిపించి చదువు నేర్పు పద్ధతిని మన ఉపాధ్యాయులకు బోధించెను. 1980 దశకమున బ్రిటిషు ధనసహాయముతో మన రాష్ట్రమున సాగిన ప్రాథమిక విద్యా పథకము, ఊరిలో దొరకు వస్తువులతోనే నేర్పుమని చెప్పెను. 2023 ఫిబ్రవరిలో కేంద్రమువారు మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకై 'జాదూయీ పిటారా' అను ఆటవస్తువుల పెట్టెను వెలువరించిరి. పెట్టెలకు కఱవు లేదు. తెఱచు చేతులకే కఱవు. వస్తువు విఱిగిన లెక్క చెప్పవలెనను భయముచే బీరువాలో పెట్టి తాళము వేసిన బడులు మే మెఱుగనివి కావు.

వేళ చాలదని ఉపాధ్యాయు లందురు. ఒక్కరే రెండు మూడు తరగతులకు చెప్పవలసిన వారి కష్టము నిజమే. కాని చేతిపని మిక్కిలి యక్కఱకు వచ్చునది అట్టి బడిలోనే. గురువు ఒక తరగతికి చెప్పుచుండగా రెండవ తరగతి తానే నేర్చుకొనగలదు. మదనపల్లె చెంతనున్న రిషివ్యాలీవారు గ్రామపు బడులకై చేసిన కార్డుల పద్ధతికి ఇదియే మూలము. ఆ కార్డులు బిడ్డ యెఱిగిన తెలుగుతో మొదలగును. ఇంగ్లీషునకును అదియే త్రోవ: ఎఱిగిన వస్తువు చేతనుండవలెను, ఎఱుగని మాట దానివెంట రావలెను.

కావున పాఠకులకు మా మనవి యిది. బిడ్డ యింటికి వచ్చినప్పుడు ఎంత వల్లించెనని కాక, నేడు చేతితో నేమి చేసెనని యడుగుడు. సంచెడు చింతపిక్కలు, జొన్నబెండ్లు, నునుపైన గులకరాళ్లు బడికి పంపుట కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. పాఠశాల కమిటీలలోని తలిదండ్రులు రాబోవు సమావేశమున ఒక్క ప్రశ్న వేయుదురు గాక: ఆ బీరువా తాళపుచెవి యెవరియొద్ద నున్నది?