సంచిలో రెండు తూకపు రాళ్లు

గూడూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో నాయుడుపేట వస్తుంది. దానికి తూర్పున, స్వర్ణముఖి ఒడ్డున గొట్టిప్రోలు ఉంది. భారత పురావస్తు శాఖ 2018–19లో అక్కడ తవ్వకాలు జరిపితే, 40 సెంటీమీటర్లకు పైబడిన పెద్ద ఇటుకలతో కట్టిన కట్టడం బయటపడింది. ఆ ఇటుకల కొలతలను అమరావతి, నాగార్జునకొండ కట్టడాలతో పోల్చి, అది సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని అంచనా వేశారు. ఇలా కొలిచి, పోల్చి, పరీక్షించి నిజం తేల్చే పద్ధతులే బైబిలు దేశపు తవ్వకాల్లోనూ వాడుతున్నారు.

యెరూషలేములో కొండను తొలిచి నీరు తెచ్చిన 533 మీటర్ల సొరంగం ఉంది. హిజ్కియా పట్టణంలోకి నీరు రప్పించాడని రెండవ రాజుల గ్రంథం 20:20లో చదువుతాం. ఆ సొరంగం హిజ్కియా తర్వాత అయిదు వందల ఏళ్లకు తవ్వినదని 1996లో కొందరు పండితులు వాదించారు. ఆమోస్ ఫ్రుంకిన్ బృందం దాన్ని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించింది. సొరంగపు గచ్చులో చిక్కుకున్న మొక్కల అవశేషాలను వారు కార్బన్ పద్ధతిలో పరీక్షించారు. మొక్క చనిపోయాక అందులోని రేడియోధార్మిక కార్బన్ దాదాపు 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. పైకప్పు నుంచి దిగిన సున్నపు పేరుడును యురేనియం–థోరియం పద్ధతిలో విడిగా పరీక్షించారు. రెండూ కలిపి చూస్తే సొరంగం క్రీ.పూ. 700 ప్రాంతానిదని, అంటే హిజ్కియా కాలానిదని తేలింది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద సంగతి స్థిరపడాలన్న ధర్మశాస్త్ర నియమం ఇక్కడ గుర్తుకొస్తుంది.

ఈ ఫలితానికి మనం ‘ఆమేన్’ అంటాం. మరి పరీక్ష మనకు నచ్చని మాట చెబితే? వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియంలో మృతసముద్రపు గ్రంథపు చుట్టలవని భావించిన 16 ముక్కలు ఉండేవి. మ్యూజియమే నిపుణులను పిలిచి వాటిని పరీక్షించమంది. పాత తోలు పగుళ్లలోకి కొత్త సిరా దిగి ఉండటం సూక్ష్మదర్శినిలో కనిపించింది. పదహారూ నకిలీవేనని 2020 మార్చిలో ప్రకటించారు. దానివల్ల లేఖనాలకు వచ్చిన నష్టమేమీ లేదు. 1947 నుంచి కుమ్రాను గుహల్లో దొరికిన అసలు చుట్టలు అలాగే ఉన్నాయి.

సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల తూకపు రాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25:13 హెచ్చరిస్తుంది. సొరంగం విషయంలో శాస్త్రాన్ని మెచ్చుకుని, నకిలీ ముక్కల విషయంలో తప్పుపడితే మన సంచిలోనూ రెండు రాళ్లున్నట్లే. నోవహు ఓడ దొరికిందనీ, ఎర్రసముద్రం అడుగున ఫరో రథచక్రాలు కనిపించాయనీ ఫోన్లలో తిరిగే వార్తలను కొందరు ప్రసంగపీఠం మీద నుంచి చెబుతున్నారు. శాస్త్రీయ పరీక్ష ఏదీ వాటిని నిర్ధారించలేదు. ఆదివారం విని నమ్మిన కుర్రవాడు, రేపు కాలేజీలో అది నిజం కాదని తెలుసుకుంటే, సిలువను గూర్చి అదే నోరు చెప్పిన మాటను ఎలా నమ్ముతాడు?

పరీక్ష సొరంగం వయసు చెప్పగలదు. హిజ్కియా ప్రార్థన దేవుడు విన్నాడన్నది విశ్వాసం చెప్పవలసిన మాట. దేని పని దానిదే. అన్నిటినీ పరీక్షించుకుని మంచిదాన్ని నిలుపుకోవాలని పౌలు థెస్సలొనీక సంఘానికి బోధించాడు. కాబట్టి ఎవరు తవ్వారు, ఎవరు పరీక్షించారు, నివేదిక ఎక్కడుంది అని అడిగి తెలుసుకున్నాకే సంఘానికి చెబుదాం. సత్యం తానేనని చెప్పిన ప్రభువుకు అబద్ధ సాక్ష్యం అక్కరలేదు.